మెట్ల మలుపు

చంకలో తువ్వాలు, ఒక చేతిలో నీళ్ళ చెంబు, ఇంకో చేతిలో టీ గ్లాసు. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయన ఎప్పటిలాగే ఒంటిని పక్కకు తిప్పాడు. అక్కడ మెట్లు ఒక మూల నుంచి విసనకర్రలా విచ్చుకుంటాయి. లోపలివైపు పాదం ఆనదు. గోడను ఒరుసుకుంటూ ఎక్కాలి. ఆయన భుజం రాసుకుని రాసుకుని అక్కడ సున్నం పోయింది. గోడకు నున్నటి మచ్చ పడింది.

పై గదిలో అక్క అప్పటికే మేలుకుని ఉంది.

"ఏం ఇంజినీరు గారూ, మెట్లకి కూడా టీ పోశారా?"

"లేదే."

"గ్లాసు అడుగు చూసుకో. కారుతోంది."

ఆయన ఇంజినీరు కాదు. కాలేజీలో ఆర్కిటెక్చరు చదివాడు. ఇళ్ళకు ప్లాన్లు గీసే ఆఫీసులో పని. రెండూ వేరని మొదట్లో చెప్పేవాడు. అక్క వినేది కాదు. తరువాత చెప్పడం మానేశాడు.

అమ్మ పోయాక పెంచింది అక్కే. బట్టలు కుట్టి చదివించింది. ఇద్దరికీ పెళ్ళి కుదరలేదు. ఎందుకు కుదరలేదని అడిగేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు.

తడి తువ్వాలుతో ఆమె మొహం, మెడ తుడిచాడు. కాళ్ళు నీరు పట్టి దిమ్మల్లా ఉన్నాయి. గుండె జబ్బు వచ్చాక ఆమెకు కిందికి దిగడం కష్టమైంది. మొదట్లో మెట్టు మెట్టుకూ కూర్చుంటూ జరిగేది. ఇప్పుడు అదీ లేదు. గదిలోనే మంచం నుంచి కిటికీ దాకా గోడ పట్టుకుని నడుస్తుంది. ఎవరైనా చొక్కాలు పంపితే బొత్తాలు కుడుతుంది.

తెర జరిపాడు. గోడంతా కిటికీయే. ఎండ గది నిండా పరుచుకుంది. కిటికీ కింద పెద్ద కుట్టుమిషను. దాని మీద అట్టముక్కలతో చేసిన చిన్న ఇల్లు. ఈ ఇల్లు కట్టకముందు ఆయన చేసిన నమూనా అది. కప్పు ఎత్తితే ఊడి వస్తుంది. లోపల గదులు కనిపిస్తాయి. చేసిన రోజునే అక్క వేలెడంత గుడ్డబొమ్మను కుట్టి, నడుముకు ఎర్రదారం చుట్టి, కప్పు ఎత్తి, కిటికీ దగ్గర నిలబెట్టింది. "ఇది నేను" అంది.

"వెళ్ళొస్తా. పక్కింటావిడ మధ్యాహ్నం వస్తుంది. లేవకు."

"లేచి ఎక్కడికి పోతాన్రా? నాట్యం నేర్చుకోడానికా?"

ఆఫీసులో ఆయన బల్ల కిటికీకి దూరంగా, గోడ మూల ఉంటుంది. యజమాని వయసులో చిన్నవాడు, మాట మెత్తన. ఆ రోజు ఒక ప్లాను తెచ్చి ముందు పెట్టాడు.

"సార్, వీళ్ళకి హాలు ఇంకొంచెం పెద్దది కావాలట. మెట్లు నొక్కేద్దాం."

"మలుపు ఇరుకవుతుంది."

"తెలుసు సార్. కానీ ఉండేది వాళ్ళు కదా."

ఆయన రబ్బరు తీసుకున్నాడు.

కాలేజీలో మొదటి ఏడు ఇలాంటి మెట్లే పెట్టి అట్టతో ఇల్లు చేశాడు. మాస్టారు కప్పు తీసి లోపలికి చూశాడు. జేబులోంచి అగ్గిపుల్ల తీసి పై గదిలో పడుకోబెట్టాడు. "ఈయనకి ఒంట్లో బాగోలేదు. కిందికి దించు" అన్నాడు. పుల్ల మలుపులో ఇరుక్కుంది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పుటుక్కున విరిగింది. క్లాసంతా గొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. "కాళ్ళున్నవాడు ఎలాగైనా ఎక్కుతాడు. దిగలేనివాడి కోసం గియ్యి" అన్నాడు.

కాలేజీలో చెప్పినవి చాలా మరిచిపోయాడు. అది మరవలేదు.

పుల్ల విరిగిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి చెబితే అక్క సూది నోట్లో పెట్టుకుని నవ్వింది. "బాగానే ఉన్నారు మీ మాస్టారు. ఇల్లు కట్టకముందే మనిషిని మంచాన పడేశారు."

తరువాత ఎన్నో ఏళ్ళకు సొంత ఇల్లు గీయాల్సి వచ్చింది. సన్నటి స్థలం. అక్క జీవితమంతా బల్బు కింద కుట్టింది. కళ్ళు మసకబారాయి. ఆమె అడిగింది ఒక్కటే. "పై గది పెద్దది చెయ్యరా. కిటికీ ఈ చివర నుంచి ఆ చివరకి ఉండాలి. మెట్లంటావా, నేనేమైనా మెట్ల మీద కూచుని కుడతానా?" ఆయన కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాడు. అగ్గిపుల్ల గుర్తుంది. అక్క కళ్ళూ గుర్తున్నాయి. మెట్లు నొక్కేశాడు.

ఇల్లు పూర్తయ్యాక కుట్టుమిషను మలుపు తిరగలేదు. తాళ్ళు కట్టి, కిటికీలోంచి లాగారు. కింద నిలబడి అక్క చప్పట్లు కొట్టింది. "చూశావా, నా కిటికీయే అక్కరకొచ్చింది!" అందరితో పాటు ఆయనా నవ్వాడు. మర్నాడు దొంగల భయానికి కిటికీకి లావుపాటి ఇనుప చువ్వలు పెట్టించి, గోడలో సిమెంటుతో బిగించారు. అదీ ఆయనే గీసి ఇచ్చాడు.

ఆఫీసులో భోజనాల వేళ ఫోను మోగింది. పక్కింటావిడ.

"అన్నయ్యగారూ, మీ అక్క పడిపోయింది. బొత్తాల డబ్బా కోసం లేచిందట. తుంటి దగ్గర ఎముక విరిగినట్టుంది. కదిలిస్తే కేక పెడుతోంది. అంబులెన్సుకి చెప్పాను, మీరు రండి."

ఆయన వెళ్ళేసరికి అంబులెన్సు వాళ్ళు ఇద్దరూ మెట్ల మీదే ఉన్నారు. ఖాళీ స్ట్రెచరును మలుపులో తిప్పి చూస్తున్నారు. నిలబెట్టారు, వంచారు, రెయిలింగు మీదుగా ఎత్తారు. అది తిరగలేదు. కుర్చీలో దింపుదామంటే ఆమె కూర్చోలేకపోయింది. దుప్పట్లో మోద్దామని కాస్త ఎత్తేసరికి నొప్పికి ఊపిరి అందక పెదాలు నల్లబడ్డాయి. మళ్ళీ పడుకోబెట్టారు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు.

"వంచకూడదండీ. గుండె తట్టుకోదు. బల్లపరుపుగా దించాల్సిందే" అన్నాడు పెద్దవాడు. చెమట తుడుచుకుంటూ గోడకేసి చూశాడు. "ఈ ఇల్లు కట్టించిన మహానుభావుడెవరండీ బాబూ?"

"నేనే గీశాను."

అతను తల వంచుకున్నాడు. "స్థలం చిన్నది కదండీ, ఏం చేస్తారు" అన్నాడు.

మిగిలింది కిటికీ ఒక్కటే. వీధి చివర వెల్డింగు కొట్టతను ఇనుము కోసే మిషనుతో వచ్చాడు. అద్దాల రెక్కలు ఊడదీశారు. కింద తాళ్ళు సిద్ధం చేశారు. చువ్వలు కోస్తుంటే నిప్పురవ్వలు గదిలోకి ఎగిరాయి. ఆయన తడి దుప్పటి తెచ్చి అక్కకు అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు. అంతకంటే చేయగలిగింది ఏమీ కనిపించలేదు.

"ఒరేయ్" అంది అక్క. మాట మాటకీ ఆగుతోంది. "మిషను ఎక్కిన దారినే... నేనూ దిగుతున్నానన్నమాట."

"మాట్లాడకు అక్కా."

"తాడు గట్టిదేనా? మిషను కంటే... నేనే బరువు."

"గట్టిదే."

"మీ మాస్టారికి చెప్పకు. నవ్వుతారు."

"ఆయన నవ్వరు అక్కా."

ఆమె కళ్ళు కిటికీ వైపు తిరిగాయి. "ఎంత వెలుతురుందో చూడు" అంది. తరువాత, "దుమ్ము పడుతోంది. మిషను మీద ఏదైనా కప్పరా."

ఆయన దుప్పటిని పక్కింటావిడ చేతికిచ్చాడు. మూలనున్న పాత గుడ్డ తీసి మిషను మీద, అట్ట ఇంటి మీద కలిపి కప్పాడు. అంచులు సరిచేశాడు. ఆమెకు వంకర ఉంటే నచ్చదు. వెనక్కి తిరిగేసరికి పక్కింటావిడ దుప్పటి దించేసింది. అంబులెన్సు పెద్దాయన అక్క మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. ఛాతీ మీద చేతులు వేసి కాసేపు గట్టిగా నొక్కాడు. ఆపి, ముక్కు దగ్గరి గొట్టం మెల్లగా తీశాడు.

బయట నిచ్చెన మీదున్న వెల్డింగతనికి ఇవేమీ కనిపించలేదు. మిగిలిన చువ్వలు కోసుకుంటూనే ఉన్నాడు. ఆపమని ఎవరూ అనలేదు. చివరి చువ్వ తెగాక ముసుగు పైకెత్తి, "అయిపోయిందండీ, దింపండి" అన్నాడు.

సాయంత్రం వీధివాళ్ళు నలుగురు వచ్చారు. కిటికీలోంచి వద్దని ఆయనే అన్నాడు. దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని మెట్ల మీదుగానే దించారు. మలుపు దగ్గర ఆమె మోకాళ్ళు మడిచారు, నడుము వంచారు. ఇప్పుడు కేక పెట్టడానికి ఎవరూ లేరు. ఆయన భుజాన్ని గోడ మచ్చకు ఆనించి, అక్క తల తగలకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. మలుపు తిరిగింది.

అన్నీ అయ్యాక ఒక్కడే పైకి వచ్చాడు. కోసిన చువ్వలు గోడకు చేరేసి ఉన్నాయి. నేలంతా ఇనుప రజను. బొత్తాలు అక్కడక్కడా దొర్లి ఉన్నాయి. మిషను మీద గుడ్డ తీశాడు. అట్ట ఇంటి కప్పు రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తాడు. తేలిగ్గా వచ్చేసింది.

లోపల కిటికీ దగ్గర గుడ్డబొమ్మ, నడుముకు ఎర్రదారం చుట్టుకుని, వెలుతురు వైపు మొహం పెట్టి నిలబడి ఉంది.