స్లీపరు దిమ్మల మడి

రైల్వేవాళ్ళు ఎక్కువగా ఉండే ఝపటాపూర్‌లో ఆ వీధి ఆడవాళ్ళకి పూజకి పూలు కావాలంటే పొద్దున్నే సజ్జ పట్టుకుని సరోజాదేవి గేటు దగ్గర నిలబడాల్సిందే. ఆవిడ నచ్చినవాళ్ళకి దోసెడు సన్నజాజులు పోసేది, నచ్చనివాళ్ళకి లెక్కపెట్టి నాలుగు. ఆ జాజి ఆవిడ తల్లి పోయేముందు టెక్కలి నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన అంటు. పూలు ఎన్నైనా పంచేది గాని, రెమ్మ మాత్రం ఒక్కరికీ ఇచ్చి ఎరగదు.

అలాంటి చోట పక్కింట్లోకి హేమశ్రీ అనే స్కూలు టీచరు వచ్చి దిగింది. ఆ పిల్ల ఏదీ కొనదు. పాత చీరలు చింపి తివాచీలు అల్లింది. కిటికీలకి వట్టివేళ్ళ తడికెలు కట్టింది. వంటింటి నీళ్ళు కంకర గుంటలో తేరుకుని అరటిచెట్ల పాదుల్లోకి పోయేలా కాలువ తీసింది. కొబ్బరిచిప్పల్లో మొక్కలు పెంచింది. నడివేసవిలో కూడా ఆ ఇల్లు చల్లగా ఉండేది. వీధి ఆడవాళ్ళు సరోజాదేవి దగ్గర పూలు తీసుకుని, కబుర్లకి మాత్రం అటు పోయేవారు. చెత్త ఏరుకునేదానికి ఇంత వైభోగమా అని సరోజాదేవికి కడుపు మండిపోయేది.

ఒకరోజు హేమశ్రీ జాజి రెమ్మ అడిగింది. నీ చేతిలో బతకదులే అమ్మా అని సరోజాదేవి నవ్వుతూనే పంపేసింది. ఆ సాయంత్రమే జాజి కొసలు కత్తిరించి, ఆ రెమ్మలన్నీ సందులోని చెత్తకుప్ప మీద పారేసింది. అప్పటికి గాని ఆవిడ మనసు కుదుటపడలేదు.

ఏడాది తిరిగింది. హేమశ్రీ తోట చూడటానికి పై వీధులనుంచి కూడా మనుషులు రావడం మొదలుపెట్టారు. ఇక సరోజాదేవి ఆగలేకపోయింది. రైల్వే ఆఫీసులో పెద్ద గుమాస్తా అయిన భర్త త్యాగరాజును సతాయించి, పాత కలప దుకాణం నుంచి రైలుపట్టాల కింద వేసే చెక్క స్లీపర్లు తెప్పించింది. నాలుగు వైపులా వాటిని పేర్చి, వీధిలోకి కనబడేలా ఎత్తుమడి కట్టించి, తల్లి జాజిని తవ్వి అందులోకి మార్చింది. పాత సామానుతో తోట వేయడం నాకు మాత్రం రాదా అనుకుంది.

ఆ సాయంత్రం హేమశ్రీ గోడ దగ్గరకి వచ్చింది.

"పిన్నిగారూ, ఆ దిమ్మలు వద్దండి. చెదలు పట్టకుండా వాటికి తారునూనె పట్టిస్తారు. ఎండకి కారి వేళ్ళలోకి దిగిపోతాది. మా నాన్న పట్టాల మీదే పనిచేసినారు."

సరోజాదేవికి లోపల ఎంత సంబరమో. ఇన్నాళ్ళకి దీనికీ కుళ్ళు పుట్టింది అనుకుంది. "రైల్వే ఇంటిదాన్ని, నాకు తెలీదేటి?" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆఫీసులో ఫైళ్ళు తప్ప పట్టాల మొహం చూడని త్యాగరాజు పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

వైశాఖం ఎండలకి దిమ్మల్లోంచి నల్లటి జిడ్డు కారింది. జాజి ఆకులు పసుపుబారి రాలాయి. మన్ను మార్చినా, మడి విప్పేసినా లాభం లేకపోయింది. వానలు పడేనాటికి అది ఎండుపుల్ల. సరోజాదేవి దాని మొదలు పట్టుకుని, తల్లి పోయిననాడు ఏడ్చినట్టే ఏడ్చింది.

ఆ ఏడుపు విని హేమశ్రీ వచ్చి చెయ్యిపట్టుకుని తన పెరట్లోకి తీసుకెళ్ళింది. వెనక గోడ మీద, అరటిచెట్ల పక్కన, విరగబూసిన సన్నజాజి.

"మిమ్మల్ని అడక్కుండా తీసినాను. చెత్తకుప్ప మీద రెమ్మలుంటే ఏరుకొచ్చి చిప్పల్లో గుచ్చినాను. ఒకటి బతికింది. ఇది మీదేనండి, తవ్వించి పంపుతాను."

అమ్మ బతికిందన్న ఆనందం ఒకపక్క, తన పందిరి మీద ఏనాడూ ఇన్ని పూలు పూయలేదన్న కుళ్ళు ఒకపక్క. తవ్వించమనే మాట నోటిదాకా వచ్చింది. కానీ తవ్వి, నూనె దిగిన తన మట్టిలోకి మారిస్తే ఏమవుతుందో ఆవిడకి తెలుసు.

"ఒద్దమ్మా. దాన్ని కదపొద్దు," అంది.

మర్నాడు పొద్దున్నే హేమశ్రీ గేటు దగ్గర వీధి ఆడవాళ్ళంతా వరసగా నిలబడ్డారు. అందరికన్నా వెనక, సజ్జ కొంగు చాటున పెట్టుకుని, తన చేతిలో ఎన్ని పూలు పడతాయోనని చూస్తూ సరోజాదేవి నిలబడింది.