లెక్కలోకి రాని చెయ్యి

అట్టపెట్టెలు తయారుచేసే ఆ కార్ఖానాలో పొద్దున్నే అందరి చూపూ గేటు పక్కనున్న బోర్డు మీదే. "ప్రమాదం లేని రోజులు" అని తాటికాయలంత అక్షరాలు, కింద సుద్దతో అంకె. అది మూడొందలు చేరితే అందరికీ వారం సెలవు. ఎవరికైనా దెబ్బ తగిలిందా, మళ్లీ సున్నా నుంచి మొదలు.

అలాగని వేళ్లు తెగడం ఆగలేదు. తెగినవాళ్లు ఊడ్చే పిన్ని దగ్గరికెళ్లి చెయ్యి చాపేవాళ్లు. ఆవిడ పట్టుకోగానే గాయం ఆవిడ చేతిలోకి వెళ్లిపోయేది. పిన్ని కంట్రాక్టు మనిషి, ఆవిడ దెబ్బలు లెక్కలోకి రావు. వందో రోజు దాటాక, పిన్నికి నొప్పే తెలియదట అన్న మాట పుట్టింది. ఎవరన్నారో గానీ, అందరికీ పనికొచ్చే మాట కదా, అందరూ నమ్మేశారు.

రెండొందల తొంభై తొమ్మిదో రోజు కటింగ్ మిషను నడిపే పొడుగాయన చూపుడువేలు ఎముక దాకా తెగింది. మనవరాలు పుట్టి రెండు నెలలైనా ఆయనింకా చూడలేదు. రాబోయే సెలవు మీదే ఆశంతా. పక్కవాళ్లు తలెత్తకుండానే, పిన్ని మెట్ల దగ్గరుంది, త్వరగా వెళ్లమన్నారు.

పిన్ని వేలు పట్టుకుంది. రక్తం ఆగింది. ఆయన వెనక్కి తిరగబోతుంటే ఆవిడ చేతిలోంచి చీపురు రెండుసార్లు జారిపోయింది.

"పిన్నీ, నీకు నొప్పి తెలుస్తుందా?"

"తెలియకేం నాయనా. మీరెప్పుడూ అడగలేదుగా." కిందపడ్డ చీపురు అందుకోబోతూ, "చీపురు పట్టలేకపోతున్నానని రేపట్నుంచి రావొద్దన్నాడు కంట్రాక్టరు," అంది.

ఆయనకి తల కొట్టేసినట్టయింది. అడిగితే సెలవు పోతుందని అడగలేదు, అంతే. ఇదివరకు తనిచ్చినవే ఆరు. తిరిగి తీసుకోవాలన్నా ఆ చెయ్యి పట్టుకుంటే చాలని అందరికీ తెలుసు. ఎవరూ పట్టుకోలేదు.

"నావి నాకిచ్చెయ్," అంటూ ఆయన పట్టుకున్నాడు. ఏడు గాయాలూ ఒక్కసారే వచ్చాయి. ఆయన పళ్లు బిగించి నిలబడ్డాడు. పిన్ని వేళ్లు కొన్ని మెల్లగా విచ్చుకున్నాయి.

నెత్తురోడే చేత్తోనే వెళ్లి అంకె తుడిచి సున్నా వేశాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది ఆయనకి. ఎవరూ తిట్టలేదు.

మర్నాడు కంట్రాక్టరు చూస్తుండగా పిన్ని చీపురు గట్టిగా పట్టుకుని మెట్లన్నీ ఊడ్చింది. రావొద్దన్న మాట అతను మళ్లీ ఎత్తలేదు. లోపల మిషన్ల దగ్గర, ఒక్క పొడుగాయనవి తప్ప, చేతులన్నీ గీత పడకుండా శుభ్రంగా ఉన్నాయి. వాటిని ఎక్కడ దాచుకోవాలో ఎవరికీ తోచలేదు.