సీటులో పల్లం

నాగేంద్రబాబు సగమే చెప్పాడు. ఈ మాట మంగరాజుకు రోజూ ఒకేచోట గుర్తొస్తుంది. దుబాయిలో అల్ వర్సాన్ లేబర్ క్యాంపు ముందు బస్సెక్కి, డ్రైవర్ సీటు మీద బూడిదరంగు దుప్పటి మడతపెట్టి పరిచేటప్పుడు.

ఆ సీటుకు నడుమ పెద్ద పల్లం ఉంది. మంగరాజు నూట నలభై కిలోల మనిషిగా ఉన్నప్పుడు ఏళ్ళ తరబడి కూర్చుంటే పడింది. ఇప్పుడు దుప్పటి లేకపోతే అతను అందులో కూరుకుపోతాడు, రోడ్డు సరిగ్గా కనబడదు. మనిషి సగమయ్యాడు. పొట్ట మీద చర్మం మాత్రం ఖాళీ సంచిలా వేలాడుతుంటే మడిచి, దాని మీద చొక్కా దోపుకుంటాడు.

అంత ఒళ్ళుతో ఈసారి హెవీ లైసెన్సు రెన్యువల్ మెడికల్‌లో పాసవ్వవని, ఆపరేషన్ చేయించుకోమని చెప్పింది నాగేంద్రబాబే. వరసకు బావ, కంపెనీలో బస్సుల మీద ఇన్‌చార్జి. విజయవాడ ఆస్పత్రిలో డాక్టరు ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడితే పక్కనుండి విన్నదీ అతనే. బయటికొచ్చి, కడుపు చిన్నది చేస్తారు, ఏడాదిలో సన్నబడతావు, అంతే అన్నాడు. ఖర్చుకోసం మంగరాజు కోనసీమలో ఉన్న కొబ్బరితోట అమ్మితే, కొన్నది కూడా నాగేంద్రబాబే.

మొదట్లో అంతా బాగానే ఉంది. చక్కెర జబ్బు పోయింది, మోకాళ్ళు తేలికయ్యాయి. నాలుగో ఏడు నుంచి వణుకు మొదలైంది. దుబాయి నైఫ్ బజారులో క్లినిక్ నడిపే డాక్టర్ షగుఫ్తా హిందీలో విడమరిచి చెప్పింది. ఈ ఆపరేషన్ అయిన కొందరికి ఏళ్ళు గడిచాక ఇలా వస్తుంది. తీపి తింటే షుగర్ ముందు ఎగబాకుతుంది, గంటా రెండు గంటల్లో ఒక్కసారిగా పడిపోతుంది. తీపి ముట్టకు, ఏటేటా చూపించుకోవాల్సింది, ఎవరూ చెప్పలేదా అని అడిగింది. పరీక్షలయ్యేదాకా బస్సు నడపొద్దంది. మంగరాజు మళ్ళీ ఆవైపు వెళ్ళలేదు. బస్సు తప్ప అతనికి ఇంకో పని రాదు. ఊళ్ళో కూతురు అక్షయ నర్సింగ్ చదువు మధ్యలో ఉంది.

ఒక సాయంత్రం ఉమ్ అల్ క్వైన్ ఫ్యాక్టరీ గేటు దగ్గర, కూలీలు ఎక్కుతుండగా వెంకట్రాములు లడ్డూల డబ్బా పట్టుకొచ్చాడు. కరీంనగర్ మనిషి. పెళ్ళయిన పదేళ్ళకు కూతురు పుట్టింది. మంగరాజు తల అడ్డంగా ఊపాడు.

“ముందుగాల డ్రైవరన్నకే ఇస్తున్న. నువ్వు ముట్టకుంటే నా బిడ్డకు మంచిగుంటదా అన్నా?”

వెనకాల బస్సంతా చూస్తోంది. గేటు దగ్గర కాదంటే ఎందుకని అడుగుతారు, క్యాంపుకు చేరేలోపు జబ్బు సంగతి నాగేంద్రబాబు దాకా పోతుంది. మంగరాజు లడ్డూ నోట్లో పెట్టుకుని నవ్వాడు. ఇంకోటి వెంకట్రాములే అతని జేబులో వేశాడు.

షార్జా దాటేసరికి బండ్లు నత్తల్లా కదులుతున్నాయి. ముందు ఆకలేసింది. తర్వాత మెడ వెనక చల్లటి చెమట. ముందున్న లారీ ఎర్రలైట్లు రెండు నాలుగయ్యాయి. జేబులో లడ్డూ ఉంది. తింటే కాసేపు నిలదొక్కుకోవచ్చు, మళ్ళీ పడిపోవచ్చు. ఇంతకుముందు రెండుసార్లు అలాగే క్యాంపుకు చేరాడు. స్టీరింగు మీద వేళ్ళు తనవి కానట్టున్నాయి.

పక్కనుంచి హారను చెవులు పగిలేలా మోగింది. బస్సు పక్క లైనులో ఉంది. ఎప్పుడు వచ్చిందో అతనికి తెలియదు.

అద్దంలో చూశాడు. ఒకరి భుజం మీద ఒకరు తలలు వాల్చి అందరూ నిద్రపోతున్నారు. వెంకట్రాములు ఒళ్ళో ఖాళీ డబ్బా పట్టుకుని నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

మంగరాజు బస్సును మెల్లగా రోడ్డంచు పసుపు గీత దాటించి ఆపాడు. బండి ఆగిందని తెలిసేలా నాలుగు మూలల లైట్లూ మెరిసేట్టు వేసి తాళం తీసేశాడు. అప్పుడు తిన్నాడు లడ్డూ, వణుకుతూ, సగం కింద పోసుకుంటూ. మాట వచ్చాక నాగేంద్రబాబుకు ఫోన్ చేశాడు.

“ఖలాస్ బావా. నావల్ల కాదు. ఇంకో డ్రైవర్ని పంపు.”

నాగేంద్రబాబు స్వయంగా వచ్చాడు. జబ్బు సంగతి విని, మంగరాజును బస్సు వెనకవైపుకు తీసుకెళ్ళి గొంతు తగ్గించి అడిగాడు.

“ఇంతమంది ప్రాణాలతో ఆడుకుంటావా? ఒక్క మాట చెప్పొచ్చుగా.”

“నువ్వు చెప్పావా?”

నాగేంద్రబాబు రోడ్డు వైపు తిరిగాడు. “అంతా చెప్తే నువ్వు ఆపరేషన్ చేయించుకునేవోడివేనా?”

“తోట అమ్మేవోణ్ణి కాదు.”

ఉద్యోగం ఆ రాత్రితోనే పోయింది. వీసా రద్దు కాగితాలు తయారయ్యేదాకా మంగరాజు గదిలోనే ఉన్నాడు. వెళ్ళే రోజు పొద్దున వీడ్కోలు చెప్పడానికి ఎవరూ లేరు, అందరూ పనికెళ్ళే బస్సులో ఉన్నారు.

ఆ బస్సు నడిపే కొత్త డ్రైవరు బక్కపలచటి కుర్రాడు. ఎవరి పాత గుడ్డో అని దుప్పటి తీసి వెనక్కి విసిరి కూర్చున్నాడు. స్టీరింగు గడ్డం దాకా వచ్చింది. లేచి వెళ్ళి దుప్పటి తెచ్చుకుని, పాత మడతల మీదే మడిచి కింద వేసుకున్నాడు. బూడిదరంగు దుప్పటి, దాని కింద మంగరాజు పల్లం. ఆ పల్లం నిండా ఉన్న మనిషి సగం కావడానికి ఖర్చయింది, నలభై రెండు సెంట్ల కొబ్బరితోట.