పిల్లకి నువ్వు, పెద్దాయనకి మీరు

ఇరవై ఏళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టిన మనిషికి నోరు కట్టేసుకుని కూర్చోవడం ఎంత నరకమో మీకేం తెలుసు? మన కండక్టరమ్మనడగండి, చెబుతుంది. మోకాళ్ళు మొరాయించాక ఆ ఉద్యోగం వదిలేసి, నలభై ఎనిమిదో ఏట కౌన్సెలింగ్ శిక్షణలో చేరింది మహాతల్లి. పదహారేళ్ళ పిల్లల గోడూ, డెబ్బై దాటినవాళ్ళ గోడూ వినడం నేర్పే కోర్సు అది. ఈవిడేమో ఎదుటివాళ్ళు నోరు తెరిచేలోపే సలహా చేతిలో పెట్టేసేది. అలా రెండుసార్లు పరీక్ష తప్పింది. ఇది మూడోసారి, ఆఖరుసారి కూడా. ఇప్పుడూ తప్పితే ఇక ఇంటికే.

పరీక్షలో ఒక పిల్లా, ఒక పెద్దాయనా విడివిడిగా వచ్చి తమ నిజమైన బాధే చెప్పుకుంటారు, చెరో అరగంట. వెళ్తూ వెళ్తూ, ఈవిడ దగ్గరికి మళ్ళీ వస్తారో రారో చీటీ రాసిస్తారు. ఇద్దరూ వస్తామంటేనే పాసు. చిక్కంతా పెద్దాయనతోనే. ఒకప్పుడు పేరుమోసిన సర్జన్. ఎవరేం అడిగినా "అంతా బాగానే ఉందండీ" అనడం, చీటీ మీద 'అవసరం లేదు' అని గీకి చక్కా పోవడం. పదకొండు మందిని అలా ముంచాడు. మరి ఎందుకొస్తాడయ్యా అంటే, ఇంట్లో తోచక!

పాఠం చెప్పే పెద్ద మేడమ్ ఒకే ముక్క నూరిపోసింది. "పిల్లల్ని నువ్వు అనండి, దగ్గరవుతారు. పెద్దల్ని మీరు అనండి, మనసు విప్పుతారు. తారుమారు చేశారో, మార్కులు గోవిందా." ముందు పిల్ల, తర్వాత పెద్దాయన అని వరస కూడా చెప్పింది. కండక్టరమ్మ వారం రోజులు అద్దం ముందు అదే వరసలో వల్లె వేసింది. మొగుడు కూరలో ఉప్పు తక్కువైందంటే, "నీకెలా అనిపిస్తోంది?" అని అడిగింది. పాపం ఆయన కంచం పట్టుకుని వరండాలోకి పోయాడు.

తీరా పరీక్షనాడు పిల్ల ఎక్కిన బస్సు ఆలస్యమైంది. ఆ సంగతి ఈవిడకి ఎవరూ చెప్పలేదు. తలుపు చప్పుడైందో లేదో, తలైనా ఎత్తకుండా అనేసింది.

"రా, కూర్చో. అలా ఉన్నావేంటి? ఏమైంది నీకు?"

ఎత్తి చూస్తే ఏముంది, ఇస్త్రీ చొక్కా, చేతికర్ర, డెబ్బై ఎనిమిదేళ్ళ సర్జన్ గారు! మూల కూర్చుని మార్కులు వేస్తున్న మేడమ్ పెన్ను ఆగిపోయింది. కొంప మునిగిందిరా దేవుడా అనుకుంది కండక్టరమ్మ.

"అయ్యయ్యో, క్షమించండి సార్, పిల్లనుకుని..."

"ఏమన్నావు?"

"తప్పయిపోయింది సార్, మీరు..."

"అది కాదు. ముందన్నది. మళ్ళీ అను."

కండక్టరమ్మ బిక్కుబిక్కుమంటూ మేడమ్ వైపు చూసింది. ఎలాగో ధైర్యం కూడదీసుకుని, "ఏమైంది నీకు?" అంది.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు.

"ఎనిమిది నెలలైందమ్మా ఆ మాట విని. మా అక్క పోయాక నన్ను నువ్వు అనే మనిషే లేదు. కొడుకూ మీరే, కోడలూ మీరే, కూరలబ్బాయీ మీరే. బతికుండగానే విగ్రహాన్ని చేసి నిలబెట్టారు. మా అక్కయితే ఫోనెత్తగానే, ఏరా మొద్దు వెధవా, తిన్నావా అనేది."

క్లబ్బులో చేరమన్న సలహా కండక్టరమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి మింగేసింది.

"ఇంకా ఏమనేది?" అని మాత్రం అడిగింది.

అంతే, గేటెత్తిన కాలవైపోయాడు మనిషి. లెక్కల పుస్తకం చించి అక్క పడవలు చేయడం, ఒక్క గొడుగు కోసం ఇద్దరూ జుట్లు పట్టుకోవడం, తను చేసిన మొదటి ఆపరేషన్ నాడు "వాడసలే కంగారు మనిషి, కాస్త కనిపెట్టుకోండి" అని అక్క నర్సులకి చెప్పిపోవడం, ఒకటా రెండా! చెబుతూ చెబుతూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. మూల మేడమ్ కూడా కిసుక్కుమంది.

తర్వాత పిల్ల వచ్చింది. అప్పటికి కండక్టరమ్మ బుర్రలో నువ్వులూ మీరులూ కలిసి పచ్చడైపోయాయి.

"రండి, కూర్చోండి. మీరు చెప్పండి, వింటాను."

పిల్ల వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

"నన్నేనా ఆంటీ? నన్ను మీరు అనేది కస్టమర్ కేర్ వాళ్ళొక్కళ్ళే!"

ఫోను సంచిలో పడేసి, సర్దుకుని కూర్చుంది. తను ఏం చదవాలో ఇంట్లో అందరూ తేల్చేశారట, తనని తప్ప అందరినీ అడిగారట. అరగంట ఊపిరి తీసుకోకుండా చెప్పి, చీటీ రాసిచ్చి వెళ్ళింది.

"పిలుపు మార్కుల కింద సున్నా వేశాను," అంది మేడమ్ కళ్ళద్దాలు సవరించుకుంటూ. "ఇద్దరి దగ్గరా తప్పే. ఇక పాసో ఫెయిలో చీటీలే చెప్పాలి." తర్వాత పిల్ల చీటీ విప్పింది. 'వస్తా. మా ఫ్రెండ్‌ని కూడా తెస్తా.' సర్జన్ గారి చీటీని మాత్రం అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది. డాక్టరు రాత కదా, బ్రహ్మరాతైనా చదవచ్చు గానీ! కండక్టరమ్మ కూడా మెడ సాచి చూసింది, ఒక్క అక్షరం అంతుపట్టలేదు. చివరికి, ఇంటికి పోకుండా వరండాలోనే కూర్చున్న ఆయన్నే లోపలికి పిలిచారు.

"వచ్చే బుధవారం పదింటికి ఖాళీయేనా అని రాశాను," అన్నాడాయన కండక్టరమ్మతో. "చదవడం రాదా నీకు?"

ఆవిడకి ఆనందం పట్టలేదు. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"ఖాళీయే! పదంటే పదికే రావాలి. ఆలస్యంగా వచ్చావో, ఊరుకునేది లేదు!"

సర్జన్ గారు బుద్ధిగా తలూపాడు.

"అలాగేలే అక్కా," అన్నాడు.