కాఫీ చల్లారేదాకా

ఆ ఉదయం ఆకాశం తేటపడలేదు. రాత్రి కురిసిన మబ్బు ఇంకా కదలకుండా ఇంటి కప్పుల మీదికి ఒరిగి ఉంది. వంటగది కిటికీలోంచి బియ్యం కడిగిన నీళ్ళలాంటి వెలుతురు వస్తోంది. ఆ వెలుతురులో ఆయన పీట మీద కూర్చుని, మరను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కాఫీ గింజలు పొడి చేస్తున్నాడు.

"ఆగి ఆగి తిప్పకండి. ఒకే ఊపున తిప్పండి," అని పక్కగదిలోంచి భార్య కేకేసింది. మంచం దిగలేకపోయినా మర చప్పుడును బట్టే ఆమెకు అన్నీ తెలిసిపోతాయి.

చలికాలంలో వచ్చిన జ్వరం తగ్గింది కాని, పోతూ పోతూ ఆమె నాలుక మీది రుచినీ ముక్కులోని వాసననూ పట్టుకుపోయింది. ఆ వెనకే గుండె నీరసించింది. కూతురిని పక్కకు పిలిచి డాక్టరు, "అమ్మ ఏది అడిగితే అది చెయ్యండమ్మా," అన్నాడు. అన్నం చప్పగా ఉన్నా ఆమె ఏమీ అనలేదు. కాఫీ కూడా ఉత్త వేడినీళ్ళయిన రోజున మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు మొగుడికి పని పెట్టింది.

"మీరు తాగి నాకు చెప్పండి. ఎలా ఉందో వింటాను. ఒక్కసారి సరిగ్గా వింటే చాలు."

ఆయనకు అది చేతకాని పని. కలప కోసే మిల్లులో దుంగలను రంపానికి అందించడం ఆయన ఉద్యోగం. రంపం తిరుగుతుంటే పక్కవాడు అరిచినా వినపడదు. అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. పిడికిలి బిగిస్తే ఆపమని, అరచెయ్యి కిందికి వాలిస్తే నెమ్మదిగా అని, చెయ్యెత్తి ఊపితే అంతా బాగుందని. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. పెళ్ళాంతోనూ పిల్లతోనూ సైగలే. ఇక కాఫీ అంటారా, రంపం మార్చేలోపల గొంతులో పోసుకోవాలి. చల్లారితే పారబోసినట్టే లెక్క. ఇన్నేళ్ళూ కాఫీలో ఆయన తాగింది వేడి ఒక్కటే.

ఆ ఉదయం కూడా గ్లాసు తీసుకుని మంచం పక్కన కూర్చున్నాడు. గటగటా తాగేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె ఆయన మొహమే చూస్తోంది.

"ఊఁ?"

ఆయన చెయ్యెత్తి ఊపాడు.

"ఇది మిల్లు కాదు. నోరు తెరవండి."

"బాగుంది."

"నా మొహం చూసినా బాగుందే, పొయ్యి మీద ఎసరు చూసినా బాగుందే. ఏం బాగుందో చెప్పాలి."

చాలాసేపు ఆలోచించాడు. "వేడిగా ఉంది."

ఆమె నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చింది. "అలా పోసేసుకుంటే నాలుకకేం తెలుస్తుంది పాపం! చల్లారనివ్వండి. కొంచెం కొంచెంగా తాగండి. నోట్లో అటూ ఇటూ తిప్పండి. రోజూ రేపు చెప్తా రేపు చెప్తా అంటే ఎలా? నాకు తీరుబడి లేదు."

ఆ చివరి మాట కూడా నవ్వుతూనే అంది. ఆయన ఖాళీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆ రోజు మిల్లులో రంపం ఆగగానే కాఫీ వచ్చింది. ఆయన గ్లాసును దుంగ మీద పెట్టి, చేతులు కట్టుకున్నాడు. జతగాడు తన గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు.

"ఏం బావా, నీకూ కాఫీకీ మాటల్లేవా? అలా మొహమొహాలు చూసుకుంటున్నారు?"

"చల్లారనీ."

"చల్లారితే ఏముంటుంది, చేదు తప్ప?"

"అదే చూద్దామని."

గ్లాసు చేతికి గోరువెచ్చగా తగిలాక ఒక గుక్క తీసుకున్నాడు. ముందు చేదే. నోట్లో తిప్పాడు. నాలుకకు రెండు పక్కలా ఏదో పులుపు చిటుక్కుమంది. ఎక్కడో ఎరిగిన పులుపే. ఇంకో గుక్క తీసుకున్నాడు. అప్పుడు తెలిసింది. కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రిలో భార్యకు నారింజ ఒలిచి పెట్టాడు. ఆ రోజంతా ఆ వాసన గోళ్ళలోనే ఉంది. రంపం మళ్ళీ మొదలయింది. ఎవరికీ వినపడదు కదా అని ఆయన గట్టిగానే అన్నాడు: "నారింజ తొక్క!" మర్చిపోతానేమోనని సాయంత్రందాకా అంటూనే ఉన్నాడు.

ఇంటికి రాగానే తిన్నగా మర దగ్గరికి వెళ్ళాడు.

"చేతులైనా కడుక్కో నాన్నా!" అని కూతురు కసిరింది.

మంచం పక్కన కుర్చీలో కూర్చుని, గ్లాసు చల్లారేదాకా ఆగాడు. ఆమె కూడా ఆగింది. పొద్దుటికన్నా మొహం పాలిపోయి ఉంది. ఆయన ఒక గుక్క తాగాడు. ఇందులోనూ అదే పులుపు.

"నారింజ తొక్క. గోటితో గిల్లితే చిమ్ముతుందే, అది. పిల్ల పుట్టినప్పుడు నీకు ఒలిచి పెట్టాను చూడు."

ఆయన అంత పొడుగు మాట మాట్లాడి ఎన్నేళ్ళయిందో! ఆమె పెదాలు గుక్క తీసుకున్నట్టు కదిలాయి.

"అమ్మయ్య. దొరికింది. అదే నా కాఫీ," అంది. ఊపిరి కూడదీసుకుని మళ్ళీ అంది: "ఇంకోటుంది. మింగాక నోరు మూసుకుని ఆగండి. అన్నీ పోయాక ఒకటి వస్తుంది. నాకు అదే ఇష్టం. తొందరపడకండి, వింటుంటాను."

ఆయన ఇంకో గుక్క మింగి కళ్ళు మూసుకున్నాడు. చేదు పోయింది. పులుపు పోయింది. వంటగదిలో కత్తిపీట చప్పుడు ఆగి, మళ్ళీ మొదలయింది. నోరు ఖాళీ అయిపోయింది. ఆ తరువాత, ఇక రాదేమో అనుకుంటుండగా, వచ్చింది. ఏళ్ళ తరబడి ఎండలో పడి ఉన్న దుంగను చీలిస్తే ఒక్కోసారి నడిమి చెక్క ఇంకా తడిగా ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే లేత తీపి వాసన. పైన ఎంత ఎండినా లోపల ఆరని చెట్టు. అది. మాటలు కూడా వాటంతట అవే వచ్చి వరసగా నిలబడ్డాయి.

కళ్ళు తెరిచాడు. "ఇదుగో, విను..."

ఆమె తల ఆయనవైపు వాల్చి, కళ్ళు మూసుకుని, వింటున్న మనిషిలాగే ఉంది. గుండెల మీద దుప్పటి కదలడం లేదు.

ఆయన వంగి, ఆమె చెవి దగ్గర మొత్తం చెప్పాడు. ఎండ, దుంగ, లోపలి తడి, ఆ తీపి. ఏదీ వదలకుండా, తొందరపడకుండా చెప్పాడు. అప్పుడు కూతురిని పిలిచాడు.

మర్నాడు సాయంత్రానికి వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయారు. కూతురు అన్నం వడ్డించి, తనూ ఎదురుగా కూర్చుంది. ఆయన ఒక్కో ముద్దా నోట్లో పెట్టుకుని, చాలాసేపు ఉంచుకుని, మింగి, ఆగుతున్నాడు. కూతురు తన కంచం ఖాళీ అయినా లేవలేదు.

పక్కబట్టలు తీస్తున్నప్పుడు ఆమె తలగడ కింద దొరికినది అలమారులో పెట్టి ఉంది: కాఫీ వడపోయడానికి గుండ్రంగా కత్తిరించిన కొత్త తెల్లగుడ్డ. అంచు సగందాకా కుట్టి ఉంది. సూది గుడ్డకే గుచ్చి ఉంది. దారం ఇంకా చాలా పొడుగుంది.