అందరినీ పిలిచే గంట

ఆ రోజుల్లో ఫోను ఒక ఇంటి సొత్తు కాదు, తొమ్మిది ఇళ్ల ఉమ్మడి ఆస్తి. కెనడాలోని సస్కాచివాన్ గోధుమ పొలాల్లో ఇంటికీ ఇంటికీ మధ్య మైలు దూరం ఉన్నా, అందరికీ కలిపి తీగ ఒక్కటే. మరూస్యా వాళ్ల గుర్తు రెండు పొడుగు గంటలు, ఒక పొట్టి గంట. ఎవరి గంట మోగినా మిగతా ఎనిమిది ఇళ్లూ చెవులు నిక్కబొడుచుకునేవి. రిసీవరు మెల్లగా ఎత్తి వినడం తప్పని ఎవరూ అనుకోలేదు, దొరికిపోవడమే తప్పు. పాపం, గ్రించుక్ అత్త ఎప్పుడూ దొరికిపోయేది. ఆమె వంటింట్లో పెంపుడు పిట్ట ఒకటి నోరు మూసుకునేది కాదు. "పిట్టకి మేత పెట్టావా అత్తా?" అని ఎవరైనా మాట మధ్యలో అడిగితే, "ఇప్పుడే పెట్టానమ్మా, నువ్వు కానీ" అని చెప్పి మరీ వినేది.

ఇప్పుడు డెబ్బై తొమ్మిదేళ్ల మరూస్యాకు సొంత ఫోను ఉంది. అందులో ఎవరి పిట్టా కూయదు. ఆ వెలితి ఆమెకు నిజంగానే బాధగా ఉంటుంది.

అది 1958 చలికాలం. మరూస్యాకు పన్నెండేళ్లు, అక్క స్టెఫ్కాకు పదహారు. నాన్న ఉత్తరాన అడవిలో కలప కొట్టే పనికి పోయాడు. అంతకుముందు వేసవిలో, రైలు కట్ట పక్కనున్న ధాన్యపు గోదాముకు రంగు వేయడానికి వచ్చిన కుర్రాడొకడు, ఆ రంగు ఆరకముందే ఊరు దాటాడు. స్టెఫ్కాకు నెల తప్పింది. సంగతి తెలిస్తే బడిలో పేరు కొట్టేస్తారు. చర్చిలో పక్కన ఎవరూ కూర్చోరు. అందుకని అమ్మ ఫోనులోనే టముకు వేసింది.

"మా పెద్దది విన్నిపెగ్‌లో మా చెల్లెలి దగ్గరుంది. కుట్టుపని నేర్చుకుంటోంది."

పిట్ట కూత వినిపించాక ఆ మాట రెండోసారి చెప్పింది.

నిజానికి స్టెఫ్కా మేడమీది గదిలోనే ఉంది. బిడ్డ పుట్టగానే సన్యాసినుల ఆశ్రమానికి ఇచ్చేయాలని అమ్మ తీర్మానం. డాక్టరుకు చూపించలేదు. చూపించాలంటే ఫోను ఎత్తాలి మరి. "కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది" అనేది అమ్మ.

మరూస్యా ఆ గదిని ఇప్పటికీ ప్రేమగానే తలుచుకుంటుంది. అక్క అంతకాలం తనొక్కదానికే దక్కింది. ఇద్దరూ పేకాడేవారు, పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తినేవారు. స్టెఫ్కా గింజల గిన్నె పొట్ట మీద పెట్టుకుంటే, లోపలి బిడ్డ తన్ని గిన్నె కదిలేది.

"చూడవే, దీనికి నీ బుద్ధులే. గింజలు కావాలట" అని నవ్వేది స్టెఫ్కా.

ఫిబ్రవరి వచ్చేసరికి ఆ నవ్వు పోయింది. కాళ్లు, ముఖం ఉబ్బాయి. ఊరవేసిన క్యాబేజీలో ఉప్పెక్కువై నీరు పట్టిందని అమ్మ దాన్ని మానిపించింది. తలనొప్పి అంటే వెనిగర్‌లో తడిపిన గుడ్డ నుదుటికి కట్టింది.

"కళ్ల ముందు మిణుగురులు ఎగురుతున్నాయే" అంది స్టెఫ్కా ఒక పొద్దున. మంచు తుఫానులో మిణుగురులేమిటని మరూస్యా అమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"అమ్మా, డాక్టరుని పిలుద్దామే."

"పిలిచి? నీ అక్క బతుకు తొమ్మిదిళ్లలో ఆరేద్దామా?"

ఆ మధ్యాహ్నమే స్టెఫ్కా మంచం మీద బిగుసుకుపోయింది. కళ్లు తేలేసి, ఒళ్లంతా కొట్టుకుంది. అమ్మ దాన్ని ఒడిలో అదిమి పట్టుకుని దేవుణ్ణి పిలుస్తోందే తప్ప, మెట్లు దిగడం లేదు. మరూస్యా దిగింది.

"ఫోను ముట్టుకున్నావో..." అని పైనుంచి అమ్మ కేక.

డాక్టరు పన్నెండు మైళ్ల అవతల, దారి నిండా మంచు. ఒక్క డాక్టరును పిలిస్తే చాలదని ఆ పిల్లకు తెలుసు. ఇల్లు తగలబడితేనో, మనిషి తప్పిపోతేనో మోగించే గంట ఒకటుంది, ఆపకుండా ఒకటే పొడుగు గంట. అది మోగితే అందరూ ఎత్తి తీరాలి. మరూస్యా పాలు పితికే ముక్కాలిపీట ఎక్కి, చెయ్యి లాగేదాకా ఫోను పక్కనున్న పిడి తిప్పింది.

టక్, టక్, టక్. ఒక్కొక్కరే ఎత్తుతున్నారు. ఎత్తేవాళ్లు పెరిగినకొద్దీ ఆ తీగలో గొంతు సన్నగిల్లిపోతుంది. అందుకని చెప్పకూడని మాటను అరిచి చెప్పాల్సి వచ్చింది.

"మా అక్క విన్నిపెగ్ వెళ్లలేదు! ఇంట్లోనే ఉంది! కడుపుతో ఉంది, మూర్ఛ వచ్చింది! చచ్చిపోతోంది, డాక్టరు కావాలి!"

పిట్ట ఒక్కటే కూస్తోంది.

"అందరూ పెట్టేయండి!" అని గ్రించుక్ అత్త కసిరింది. "గుర్రాలు కట్టండి, దారి తవ్వండి. డాక్టరుకి నేను చెప్తా. పాపా, ఏడవకు, అక్కని పక్కకి తిప్పి పడుకోబెట్టమను."

చీకటి పడకముందే నాలుగు ఇళ్ల మగవాళ్లు మంచు తవ్వుకుంటూ డాక్టరును బండిలో తెచ్చారు. ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదని, ఈ వయసులో ఇలాంటి ప్రమాదం ఎక్కువని, ముందే చూపించి ఉండాల్సిందని ఆయన అమ్మను కడిగేశాడు. ఆసుపత్రిలో నెల ముందే ఆడపిల్ల పుట్టింది, బతికింది. బిడ్డను ఆశ్రమానికి ఇచ్చేసే కాగితాల మీద అమ్మ సంతకం పెట్టేసింది. స్టెఫ్కాకు కళ్లు స్పష్టంగా కనబడేసరికి ఉయ్యాల ఖాళీ.

ఇంటికొచ్చాక ఆ ఊసు ఎత్తకూడదని అమ్మ ఆంక్ష. మరూస్యాతో అయితే అసలు మాటల్లేవు. బడివాళ్లు స్టెఫ్కాను మళ్లీ చేర్చుకోలేదు. అదంతా తన నోటి వల్లేనని మరూస్యా లోలోపల కుమిలిపోయింది. అక్క ఎప్పుడు నిలదీస్తుందా అని బిక్కుబిక్కుమంటూ తిరిగింది.

ఏప్రిల్‌లో బట్టలు మడతపెడుతూ స్టెఫ్కా అడగనే అడిగింది.

"ఆ రోజు ఫోనులో ఏం చెప్పావే?"

"నీకు... కడుపని."

"ఎంతమంది విన్నారు?"

"అందరూ. ఎనిమిదిళ్లూ." మరూస్యాకు ఏడుపు ముంచుకొచ్చింది. "తిట్టవే అక్కా. కొట్టినా సరే."

స్టెఫ్కా చేతిలోని దుప్పటి జారిపోయింది. చెల్లెల్ని ఊపిరాడనంతగా హత్తుకుంది.

"అమ్మ అది పుట్టనే లేదంటోంది. ఒక్కసారి ఎత్తుకోనివ్వలేదు కూడా" అంది వెక్కుతూ. "ఎనిమిదిళ్ల వాళ్లకి తెలుసు కదే, నాకో పిల్ల ఉందని."