ఉప్పక్క పిడికిలి

ఆవిడ పొయ్యి లాక్కున్నది రోగం కాదు. మీరు! జాలి పేరు చెప్పి చేతులు కట్టేసిన మేనేజరు, ప్రేమ పేరు చెప్పి నోరు కుట్టేసుకున్న స్నేహితులు, అందరూ కలిసి చేసిన ఘనకార్యం ఇది. రోగం రొమ్ము తీసుకుంది, జుట్టు తీసుకుంది, నాలుక మీది రుచి తీసుకుంది. కానీ అది ఎదురుగా నిలబడి తీసుకుంది. మీరు వెనక నుంచి తీసుకున్నారు.

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఆవిడని అందరూ ఉప్పక్క అంటారు. షిఫ్టు మొత్తానికి వండే గుండిగలో ఉప్పు పిడికిలితో వేస్తుంది. గరిటె లేదు, కొలత గిన్నె లేదు. ఇంత కూరకి ఇన్ని పిడికిళ్ళు, అంతే. ఆ తర్వాత చేతి వెనక చుక్క వేసుకుని నాకి, "దించండి" అంటుంది. ఆ మాట పడందే గుండిగ పొయ్యి దిగదు. స్టోరు చూసే తూకం బాబాయి సరదాకి ఎన్నోసార్లు ఆవిడ పిడికెడు ఉప్పు కాటాలో పోయించాడు. ఎప్పుడు పోసినా అదే చిన్న రాయికి సరితూగేది. ఉల్లిపాయని కూడా కాటా ఎక్కించందే నమ్మని మనిషి, ఆ పిడికిలిని మాత్రం నమ్మాడు.

గడ్డ బయటపడింది. ఆపరేషను, దాని మీద కీమో. ఆ రోజుల్లో ఆవిడని మోసింది ఇద్దరే. ఒకరు తూకం బాబాయి. రెండోది వడ్డన చేసే అమ్మాయి, మైకు. మైకు నోరు తెరిస్తే పక్క వీధి వాళ్ళు కూడా భోజనానికి లేస్తారు. ఆసుపత్రి బల్ల మీద ఉప్పక్క తల మైకు ఒడిలో ఉండేది, వాంతి బకెట్టు బాబాయి చేతిలో ఉండేది.

"ఎంత కక్కానో తూకం వేస్తావా బాబాయ్?"

"తిన్నదానికంటే ఎక్కువే ఉందమ్మా. స్టాకులో తేడా వస్తోంది."

వాళ్ళే లేకపోతే తను లేదని ఆవిడకి తెలుసు. తర్వాత జరిగినదానికి ఒళ్ళు అంతగా మండింది అందుకే.

మందులు ఆగి, తల మీద నూగులా జుట్టు మొలిచాక పనిలోకి వచ్చింది. మేనేజరు గుమ్మంలోనే ఆపాడు.

"పొయ్యి దగ్గర శ్రమ ఎందుకమ్మా? కూర్చుని కూరగాయలు తరుక్కో. నీ మంచికే చెబుతున్నా."

"నా మంచి ఏదో నన్ను అడగండి సార్. పని చేసుకోవచ్చని డాక్టరే చెప్పాడు."

"సరే. ఒక్క ఫిర్యాదు వచ్చిందో, పొయ్యి సంగతి మర్చిపో."

పొయ్యి దగ్గర నిలబడితే ఆవిడ ఉప్పక్క. తరిగే బల్ల దగ్గర కూలబడితే "పాపం, ఆ క్యాన్సరామె". తేడా అంతే, కానీ ఆవిడకి బతుకంతా ఆ తేడాలోనే ఉంది.

నాలుక ఇంకా తిరిగి రాలేదు. ఏది నాకినా తుప్పు పట్టిన మేకు నాకినట్టే. ఆ సంగతి వాళ్ళిద్దరికే చెప్పింది. "నీ నాలుక అప్పియ్యవే" అని మైకుని అడిగింది. మైకు ఒక చుక్క నాకి, "అదిరింది, దించెయ్" అంది. మర్నాడూ అదిరింది. ఆ మర్నాడూ అదిరింది. ఉప్పక్కకి చిరాకు మొదలైంది. ఏ వంటా రోజూ అదరదు. గరిటె పట్టిన ఎవరినైనా అడగండి!

"నిజం చెప్పవే తల్లీ."

"చెబుతున్నాగా! ఒట్టు వేసి చెప్పాలా?"

ఆ రోజు బంగాళాదుంపల కూర. మొదటి వరస నోట్లో పెట్టుకున్నదే తడవు ఉమ్మేసింది. "ఇది కూరా, సముద్రమా?" అన్నాడు ఒకడు. మేనేజరు వచ్చి, నాకి, మొహం చిట్లించి అందరి ముందూ అన్నాడు: "ఆ మందులు నాలుకని చంపుతాయని విన్నా. విని కూడా పొయ్యి ఇచ్చానే, నాదే బుద్ధి తక్కువ. రేపట్నుంచి తరిగే బల్ల."

ఉప్పక్క తప్పు తనదే అనుకుంది. ఏప్రాన్ విప్పి స్టోరులో పడేద్దామని వెళితే, బస్తాల వెనక మైకూ, బాబాయీ పోట్లాడుకుంటున్నారు.

"నువ్వెందుకు ఉప్పు వేశావు బాబాయ్? దించాక నేను రోజూ వేస్తున్నాగా!"

"నువ్వు వేస్తున్నావని నేనేం కలగన్నానా? అటు పోతూ రుచి చూస్తే చప్పగా ఉంది. ఉప్పక్కకి మాట వస్తుందని ఇంత పడేశా. నువ్వు మళ్ళీ చూడకుండానే కుమ్మరిస్తావా?"

ఉప్పక్క బస్తా పక్కకి తోసింది. "రోజూ చప్పగా ఉండేదా?"

మైకు గొంతు అంత సన్నగా ఎవరూ వినలేదు. "కాస్త తక్కువయ్యేది అక్కా. నిన్ను నొప్పించలేక..."

"నొప్పా? నాకు సూదులు గుచ్చుతుంటే పక్కనే కూర్చున్నావు కదే! అంత నొప్పి తట్టుకున్నదాన్ని, ఉప్పు తక్కువైందంటే చస్తాననుకున్నావా? నేను ఎప్పుడూ వేసే పిడికిళ్ళే వేశాను. ఒక్కటి తగ్గించలేదు. మరి ఎందుకు తక్కువవుతుంది?"

బాబాయి కాటా ముందుకు జరిపి, పాత రాయి ఒకవైపు పెట్టాడు. ఉప్పక్క పిడికిలి నింపి రెండోవైపు పోసింది.

రాయి కదల్లేదు.

ఆవిడ తన చెయ్యి తిప్పి చూసుకుంది. వేళ్ళు పుల్లల్లా ఉన్నాయి. అరచేతిలో కండ లేదు. రోగం పిడికిలిని కూడా కొరికిందన్నమాట! గుండిగ ఆ సంగతి మొదటి రోజే చెప్పింది. దాని నోరు వీళ్ళు మూశారు. ఆవిడ ఇంకాస్త ఉప్పు తీసి, రాయి లేచేదాకా పోసింది. ఇంత తేడా! ఒక్క ముక్క చెప్పి ఉంటే అదే రోజు దిద్దుకునేది కదా!

"పదండి" అంది.

ముగ్గురూ మేనేజరు గదిలోకి పోయారు. ఉప్పక్క నోరు తెరిచేలోపే మైకు అందుకుంది, వంటింటిదాకా వినబడేలా: "ఉప్పు కుమ్మరించింది మేము సార్! నేనూ, ఈ ముసలాయనా! తరిగే బల్ల మాకియ్యండి!"

"ఎవరు వేస్తే ఏం? ఆమె మంచి కోసమే..."

"చాలు సార్" అంది ఉప్పక్క. "నన్ను అడక్కుండా నాకు మంచి చేసినవాళ్ళతోనే నా ప్రాణం విసిగిపోయింది. రేపు పొద్దున పొయ్యి నాదే. ఉప్పు తూచే వేస్తా. నా నాలుక వచ్చేదాకా ఈ మైకు నాకి చెబుతుంది. తక్కువైతే తక్కువని, ఎక్కువైతే ఎక్కువని నా మొహం మీదే అరవాలి. అదిరింది అందో, గరిటెతో కొడతా. గుండిగ దించడానికి ఇద్దరు మనుషులు కావాలి. అలిసినప్పుడు కూర్చోడానికి పొయ్యి పక్కన స్టూలు కావాలి. రేపు మాపు అనొద్దు. ఆ స్టూలు ఇప్పుడే తెప్పించండి."